రంగుకొచ్చిన రోగం కాదిది!

"బాసూ, నీ బండికి అమ్మవారు పోసిందేంటి?" అన్నాడు మా రూమ్మేటు, పార్కింగులో నా బండి పక్కన నించుని.

వాడన్నది నిజమే. పసుప్పచ్చగా నిగనిగలాడాల్సిన ట్యాంకు మీద, మోకాలు ఆనే చోట, శనగగింజంత బొబ్బలు ఓ ఇరవై దాకా ఉన్నాయి. మధ్యలో రూపాయి బిళ్ళంత పెద్దది ఒకటి, పెద్దమనిషిలా. రంగు వేయించి అప్పటికి నాలుగు నెలలు. అక్షరాలా నాలుగువందల యాభై డాలర్లు.

ముందు బండి సంగతి చెప్పాలి. నేనుండేది డాలస్‌లో. సెకండ్ హ్యాండులో కొన్న బండి, తారు రోడ్డుకీ మట్టి రోడ్డుకీ పనికొచ్చే రకం. దానితో వచ్చిన ఇనప ట్యాంకులో పది లీటర్లు పడితే గొప్ప. పశ్చిమ టెక్సాస్‌లో బిగ్ బెండ్ వైపు వెళ్తే పెట్రోలు బంకుకీ బంకుకీ మధ్య దూరం మన హైదరాబాదు నుంచి సూర్యాపేటకి ఉన్నంత ఉంటుంది కొన్నిచోట్ల. అందుకని పద్దెనిమిది లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు విడిగా కొని బిగించుకున్నా. పాలలా తెల్లగా ఉంది. నాకేమో పసుపు కావాలి. ఇదిగో, ఈ "నాకేమో" దగ్గరే మొదలైంది గొడవంతా.

రంగు వేసినాయన దగ్గరికి తీసుకెళ్తే ఓసారి వేలితో తడిమి, "వేసేటప్పుడు గాలిలో తేమ ఎక్కువుంది, అందుకే" అన్నాడు. గీకి మళ్ళీ వేశాడు, ఈసారి ఇంకో రెండు కోట్లు ఎక్కువగా, ఇంకో రెండొందల డాలర్లకి. మూడు నెలలకే మళ్ళీ వచ్చాయి. ఈసారి ఇంకా పెద్దవి. పై పొర మందంగా ఉంది కదా, చిన్న చిన్నవి లేవలేక అన్నీ కలిసి ఒక్కచోట లేచాయి. మూడోసారి వెళ్తే, ప్లాస్టిక్కుకి ప్రైమరు సరిగ్గా పట్టలేదనీ, ఖరీదైన ప్రైమరు వాడదామనీ మొదలెట్టాడు. అక్కడ నాకు తిక్కరేగింది.

ఆయనొక్కడి మీదే కాదు నా కోపం. నేనడిగిన ప్రతివాడూ రంగు గురించే చెప్పాడు. ఏ కంపెనీ రంగు, ఎన్ని కోట్లు, ఎంతసేపు ఆరబెట్టావు, పైన క్లియర్ కోటు ఏది... ట్యాంకు లోపల ఏముంది అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు! సర్వర్ పడిపోతుంటే లాగు చూడకుండా వెబ్ పేజీ రంగులు మార్చినట్టుంది ఈ యవ్వారం. (అలాంటి మీటింగుల్లో నేనూ కూర్చున్నాననుకోండి. అది వేరే కథ.)

ఆ రాత్రి చేసిన పని, మొదటి రోజే చెయ్యాల్సింది. బండిని ఆరుబయటకి తోసి, సూది తీసుకుని పెద్ద బొబ్బని పొడిచా. ఏమొచ్చిందనుకున్నారు? నీళ్ళు కాదు. గుప్పున పెట్రోలు వాసన, వెనకే ఒక చుక్క. తేమా లేదు, దుమ్మూ లేదు. ట్యాంకుకి చిల్లు లేదు, మూత కారట్లేదు. పెట్రోలు నేరుగా ప్లాస్టిక్ గోడలోంచి బయటకి వచ్చి రంగు కింద కూర్చుంది.

ఇది వింతేమీ కాదు. ఇంగువ కట్టిన గుడ్డని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని ఇంకో డబ్బాలో పెట్టినా వంటిల్లంతా వాసనొస్తుంది. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాని ఎన్నిసార్లు కడిగినా ఆ ఎరుపూ పోదు, ఆ ఘాటూ పోదు, ఎందుకంటే నూనె డబ్బాకి అంటుకోలేదు, డబ్బా లోపలికి ఇంకింది. మా అమ్మమ్మ ఆవకాయని జాడీలోనే పెట్టేది, ప్లాస్టిక్కులో పెడితే ఒప్పుకునేది కాదు. ఆవిడ పాలిమర్ కెమిస్ట్రీ చదవలేదు. మనం చదివాం, ఫస్టియర్లో, పరీక్ష కోసం.

ఈ ట్యాంకులు ఎక్కువగా పాలిథిలీన్‌తో చేస్తారు. పాలిథిలీన్, పెట్రోలు రెండూ హైడ్రోకార్బన్లే, ఒక గోత్రం వాళ్ళు. నీళ్ళని బయట నిలబెట్టే ఆ గోడ, పెట్రోలుని మాత్రం చుట్టంలా లోపలికి రానిస్తుంది. అణువులు లోపలి ముఖంలో కరిగి, పాలిమర్ గొలుసుల మధ్య సందుల్లోంచి మెల్లగా జరిగి, బయటి ముఖం దగ్గర ఆవిరవుతాయి. దీన్నే పర్మియేషన్ అంటారు. లీకు కాదు. లీకుకి చిల్లుండాలి, దీనికి గోడ చాలు.

ఎంత పోతుంది? ఏ పూతా, ఏ అడ్డుపొరా లేని పాలిథిలీన్ ట్యాంకు నుంచి రోజుకి చదరపు మీటరుకి పది గ్రాములు ఆ చుట్టుపక్కల. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2008 మోడల్ నుంచి రోడ్డు మోటారు సైకిళ్ళ ట్యాంకులకి ఇది 1.5 గ్రాములు దాటకూడదని నిబంధన పెట్టింది, అంటే ఎనభై అయిదు శాతం తగ్గించమని. పది గ్రాములంటే ఏముందిలే అనిపిస్తుంది కదా, లెక్క వేసి చూడండి. నా ట్యాంకు పైభాగం విస్తీర్ణం అర చదరపు మీటరు అనుకుందాం. రోజుకి అయిదు గ్రాములు. అయిదు గ్రాముల పెట్రోలు ఆవిరైతే లీటరు పైనే ఆవిరి! పైగా ఇది ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర లెక్క. ప్రతి పది డిగ్రీలకీ ఇది సుమారుగా రెట్టింపవుతుంది. టెక్సాస్ జూలైలో ఎండలో నిలబెట్టిన బండి ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూశారా ఎప్పుడైనా?

ఇప్పుడు ఆ ట్యాంకుకి రంగు వేశాం. రంగు పొర ఈ ఆవిరిని ప్లాస్టిక్ వదిలినంత తేలిగ్గా వదలదు. వెనకనుంచి వస్తూనే ఉంది, ముందు దారి ఇరుకు. మధ్యలో చేరి ముందు రంగు పట్టుని మెత్తబరుస్తుంది, తర్వాత పెనం మీద పుల్కా పొంగినట్టు లేపుతుంది. రంగు ఎంత మంచిదైతే అంత గట్టిగా ఆపుతుంది, అంత పెద్ద బొబ్బ లేస్తుంది. నేను రెండొందల డాలర్లు ఎక్కువిచ్చి కొనుక్కున్నది ఆ పెద్ద బొబ్బలనే.

మరి మొదట్లో నాలుగు నెలలు బానే ఉందే అంటారా? అక్కడే ఉంది మోసం. గోడ పెట్రోలుతో తడిసి అవతలి ముఖం దాకా పూర్తిగా ఇంకడానికి టైము పడుతుంది. ఈపీఏ వాళ్ళ పరీక్ష పద్ధతిలోనే, కొలత మొదలెట్టే ముందు ట్యాంకుని ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర ఇరవై వారాలు పెట్రోలుతో నానబెట్టమంటారు. ఇరవై వారాలు! అంటే రంగు వేసినవాడి దగ్గర్నుంచి మెరిసే ట్యాంకు తెచ్చుకుని, ఫొటోలు తీసుకుని, "సూపర్ మామా" అనిపించుకుని, ఆయన ఇచ్చిన తొంభై రోజుల గ్యారంటీ అయిపోయాక వస్తాయి బొబ్బలు. కొత్త ట్యాంకుకి రంగు వేసి నెల తిరక్కుండా "నా పద్ధతి పనిచేసింది, చూడండి" అని చెప్పేవాళ్ళ మాట అందుకే నమ్మను. ఒక ఎండాకాలం పోయాక చెప్పమనండి, వింటాను.

ఇక వైద్యాల సంగతి. ప్లాస్టిక్కుకి రంగు పట్టేలా ముందు కొట్టే అడ్హిషన్ ప్రమోటర్ ఒకటుంది. పాలిథిలీన్‌కి మామూలుగా ఏ రంగూ అంటుకోదు కాబట్టి అది అవసరమే, కాదనను. కానీ అది అంటుకునే సమస్యకి మందు, ఆవిరికి కాదు. గోడలోంచి వచ్చేదాన్ని అది ఆపలేదు, ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది అంతే. ట్యాంకు మూతకి గాలి రంధ్రం మూసుకుపోయి ఒత్తిడి పెరగడం వల్లే ఇదంతా అనేవాళ్ళున్నారు. ఆ రంధ్రం శుభ్రంగా ఉండాలి, నిజమే. నాది శుభ్రంగానే ఉంది, బొబ్బలూ ఉన్నాయి. లోపల ఎపాక్సీ పూత పోయమనే వాళ్ళు ఇంకొందరు. ఇనప ట్యాంకుకి అది మంచి పనే, కానీ పాలిథిలీన్ ఎపాక్సీని పట్టుకోదు. కొన్నాళ్ళకి పెచ్చులుగా ఊడి పెట్రోలు ఫిల్టర్లోకి చేరితే నడిరోడ్డు మీద బండి ఆగుతుంది.

ఇంకో వైద్యం, ప్రాణాంతకమైనది. ప్లాస్టిక్ పైముఖాన్ని మంటతో ఒక్క క్షణం కాలిస్తే రంగు బాగా పడుతుంది, ఫ్యాక్టరీల్లో చేస్తారు కూడా. అది ఒక్కసారి కూడా పెట్రోలు పోయని కొత్త సరుకు మీద. వాడిన ట్యాంకు మీద ఇంట్లో ఎవడైనా టార్చి పట్టుకుంటే వాణ్ణి ఆపండి, బాబ్బాబూ. ఖాళీ చేశాం, కడిగాం అంటారు. పైన చెప్పాగా, పెట్రోలు గోడలో ఉంది. కడిగితే పోయేది కాదు. ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ కలిసి ఉన్నప్పుడు మంట చూపించడమంటే బాంబుకి వత్తి అంటించడమే.

"మరి కార్లకీ ప్లాస్టిక్ ట్యాంకులేగా, వాటికేం కాదేం?" అని మా టీములో ఒకాయన అడిగాడు, ఏదో నన్ను ఇరుకున పెట్టినట్టు. మంచి ప్రశ్న. నిజానికి నా వాదనకి బలమంతా అక్కడే ఉంది. కారు ట్యాంకు ఒక్క పొర కాదు, ఆరు పొరలు. బయటా లోపలా పాలిథిలీన్, మధ్యలో ఈవీఓహెచ్ అనే పాలిమర్ పొర సన్నగా, దానికి అటూ ఇటూ అంటించే జిగురు పొరలు, తునకలు కరిగించి పోసిన పొర ఇంకోటి. పెట్రోలుని ఆపేది మధ్యలో ఉన్న ఆ సన్నటి ఈవీఓహెచ్చే. ఇంకొన్ని ట్యాంకులకి లోపల ఫ్లోరిన్ వాయువు పట్టించి, పైముఖంలోని హైడ్రోజన్ స్థానంలో ఫ్లోరిన్‌ని కూర్చోబెడతారు. ఆ ముఖంతో పెట్రోలుకి చుట్టరికం తెగిపోతుంది. (దీనికీ ఒక పేచీ ఉంది. ఇలా ఫ్లోరిన్ పట్టిన ప్లాస్టిక్కులో పీఫాస్ రసాయనాలు పుడుతున్నాయని ఈపీఏ 2023 డిసెంబర్‌లో ఒక కంపెనీని ఆపమంటే, 2024 మార్చిలో అప్పీలు కోర్టు ఆ ఆదేశాలని కొట్టేసింది.) అన్నిటికన్నా ముఖ్యం, కారు ట్యాంకుకి ఎవడూ రంగు వెయ్యడు. అది కింద చీకట్లో ఉంటుంది, అందంగా ఉండక్కర్లేదు.

అంటే విద్య తెలియక కాదు. ఆరు పొరల ట్యాంకు ఊదాలంటే ఖరీదైన యంత్రాలూ అచ్చులూ కావాలి, లక్షల్లో అమ్ముడుపోతేనే గిట్టుబాటు. వేలల్లో అమ్ముకునే మోటారు సైకిలు ట్యాంకుకి, ప్లాస్టిక్ పొడిని అచ్చులో పోసి తిప్పుతూ కాల్చే చవక పద్ధతి ఉంది, ఒకే పొర వస్తుంది. చవకగా చేసుకోండి, తప్పులేదు. అలా చేసి దానికి కారు బానెట్టుకి వేసినట్టు మెరుగు రంగు వేసి, ఖరీదైన బండి మీద పెట్టి అమ్మడం, బొబ్బలొస్తే "అది చూపుకి సంబంధించింది, వారంటీలో రాదు" అనడం మాత్రం తప్పు.

మట్టి బళ్ళ వాళ్ళు ఈ విషయంలో నిజాయితీపరులు. వాళ్ళ ట్యాంకుల మీద స్టిక్కర్లు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూడండి, సూదితో పొడిచినట్టు వందలకొద్దీ సన్నటి రంధ్రాలుంటాయి, ఆవిరి పోవడానికి. ఇటలీలో 1973 నుంచీ ప్లాస్టిక్ సామాను చేస్తున్న అచెర్బిస్ లాంటి వాళ్ళు ట్యాంకుని తెలుపో, నలుపో, ఎరుపో ప్లాస్టిక్కులోనే రంగు కలిపి పోసి అమ్ముతారు, పైన వెయ్యరు. ఈ పరిశ్రమలో అందరికీ తెలిసిన సంగతే ఇది. స్టిక్కరుకి రంధ్రాలు పొడవడం తెలిసినవాళ్ళకి రంగుకి రంధ్రాలుండవని తెలియదా?

రోడ్డు బళ్ళ సంగతికొస్తే డుకాటి మీద అమెరికాలో 2010లో పడిన కేసు చూడాలి. అవి నైలాన్ ట్యాంకులు. నైలాన్ ఉత్త పెట్రోలుని బాగానే ఆపుతుంది, ఆల్కహాలు కలిస్తే మాత్రం లొంగిపోతుంది. (ఆల్కహాలు ముందు లొంగిపోయేది నైలాన్ ఒక్కటే కాదనుకోండి.) అమెరికాలో బంకుల్లో దొరికేది దాదాపు అంతా పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. ట్యాంకులు ఉబ్బి ఆకారం మారిపోతున్నాయని కొన్నవాళ్ళంతా కలిసి కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకెళ్ళారు. 2012లో రాజీ కుదిరి, ట్యాంకుల మీద వారంటీ పొడిగించారు. కోర్టు దాకా వెళ్తే గానీ, అదీ పదిమంది కలిస్తే గానీ, అమ్మిన ఊళ్ళో దొరికే పెట్రోలు ఆ ట్యాంకుకి పడదన్న సంగతి తేలలేదు! ఇథనాల్ లేని పెట్రోలు వెతికి పోసుకోండి, ఎక్కువ రోజులు నిలబెడితే ట్యాంకు ఖాళీ చేసుకోండి అని సలహాలిచ్చే పెద్దలున్నారు. సలహాలు పనికొస్తాయి, కాదనను. కానీ పెట్రోలు పోస్తే పాడయ్యేదాన్ని పెట్రోలు ట్యాంకు అని ఎందుకు పిలవాలో ఆ పెద్దలే చెప్పాలి.

బొబ్బలే కదా, అందం కోసం ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్ళకి ఒక మాట. ఆ వాసన గుప్పుమన్న రాత్రే గుర్తొచ్చింది, అంతకుముందు చలికాలమంతా ఆ బండి మా ఫ్రెండు వాళ్ళింటి గరాజులో ఉంది. తలుపు మూసి ఉండే గరాజు, ఇంటికి ఆనుకుని. అందులోనే గ్యాసు వాటర్ హీటరు, దాని అడుగున ఎప్పుడూ వెలిగే చిన్న మంట. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పాకుతుంది. పక్క గదిలో వాళ్ళ రెండేళ్ళ పాప పడుకునేది. పెట్రోలులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం. "గరాజులో కొంచెం పెట్రోలు వాసనొస్తోంది అన్నయ్యా" అని వాళ్ళావిడ రెండుసార్లు చెప్పింది కూడా. బండి అన్నాక వాసన రాదా అన్నాను. నేనన్నది ఆ మాటే. అడ్డుపొర లేని ప్లాస్టిక్ ట్యాంకుకి రంగున్నా లేకపోయినా ఆవిరి వస్తూనే ఉంటుంది. దాన్ని మూసిన గదిలో పెట్టకండి.

సరే, తిట్టడం అయింది, ఏం చెయ్యాలో చెప్పు అంటారు. ఉత్త పాలిథిలీన్ ట్యాంకుకి రంగు వెయ్యకండి. ఇది సలహా కాదు, బతిమాలడం. రంగు కావాలంటే ఆ రంగు ప్లాస్టిక్కులోనే ఉన్న ట్యాంకు కొనండి, లేదా ట్యాంకు మీద మధ్యలో గాలి ఆడేలా విడి తొడుగు పెట్టి, ఎన్ని రంగులైనా ఆ తొడుగుకి వేసుకోండి. స్టిక్కరైతే రంధ్రాలున్నదే. కొత్తగా కొంటుంటే, అడ్డుపొర గానీ ఫ్లోరిన్ పట్టడం గానీ ఉందా, ఈపీఏ పర్మియేషన్ పరీక్ష నెగ్గిందా అని అమ్మేవాణ్ణి రాతపూర్వకంగా అడగండి. అడ్డుపొర ఉన్న ట్యాంకుకైతే రంగు నిలిచే అవకాశం ఉంది. అప్పటికీ ఒక్క చుక్క పెట్రోలు పొయ్యకముందే రంగు వేయించాలి. వాడిన తర్వాత అయితే ముందు గోడలోని పెట్రోలు బయటకి పోవాలి, దానికి వారాలు పడుతుంది, హడావుడి కుదరదు.

ఇండియాలో ఉన్నవాళ్ళు "మాకీ గొడవ లేదు" అనుకోవచ్చు. ఇప్పటికి చాలావరకు నిజమే, మన బళ్ళలో ఎక్కువ వాటికి లోపలున్నది ఇనప ట్యాంకే, పైన కనపడే రంగుల ప్లాస్టిక్ ఉత్త తొడుగు. అనుమానముంటే తొడుగు కింద అయస్కాంతం పెట్టి చూడండి. కానీ 2025 నాటికి అక్కడ బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చేసింది, అమెరికాలో పోసేదానికి రెట్టింపు. లదాఖ్ ట్రిప్పు కోసం నాలాగే బయటి నుంచి పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు తెప్పించి, బండి రంగులో ఉండాలని పెయింటర్ దగ్గరికి పరిగెత్తే ముందు, అది ఏ ప్లాస్టిక్కు, ఎంత ఇథనాల్‌కి పరీక్షించారు అన్నది కాగితం మీద తీసుకోండి.

మొన్న ఫోన్లో నాన్నకి ఇదంతా చెప్తే నవ్వారు. "మనింటి పడమటి గోడ గుర్తుందిట్రా?" అన్నారు. ఎందుకు గుర్తులేదు! ప్రతి సంక్రాంతికీ సున్నం వేయించడం, ఉగాదికల్లా పొంగి పెచ్చులూడటం. ఆరేళ్ళు అలా చేశాక ఒక ముసలి మేస్త్రీ వచ్చి, గోడ వైపు చూడకుండా నేరుగా మేడెక్కి, నీళ్ళ ట్యాంకు గొట్టం కారడం చూపించి పోయాడు. ఆరు సున్నాల డబ్బులు వృథా అని నాన్న ఇప్పటికీ బాధపడతారు.

నా ట్యాంకు రంగంతా గీకేశాను. ఇంట్లో కాదు, ఆరుబయట, చేత్తో, రెండు ఆదివారాలు. ఖాళీ చేసి బాల్కనీలో గాలికి పెట్టా. ముందు ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు తూచే కాటాతో తూచబోయి, దానికి గ్రాములు తెలియవని వంటింటి కాటా బయటకి తీసుకెళ్ళా. మొదటి వారంలో డెబ్బై గ్రాములు తగ్గింది. రెండో వారం ముప్ఫై. నిన్నటికి ఆరు వారాలు, మొత్తం నూట నలభై గ్రాములు పోయింది, ఇంకా రోజుకో గ్రాము చొప్పున తగ్గుతూనే ఉంది. చుక్క పెట్రోలు లేని ట్యాంకు!

పాలలా ఉన్న తెలుపు కాస్తా మజ్జిగ రంగుకి తిరిగింది. అలాగే బిగించబోతున్నా. లోపల పెట్రోలు ఎంతుందో బయటికే కనిపిస్తుంది, బిగ్ బెండ్ వెళ్ళేవాడికి అంతకన్నా కావలసిందేముంది? రూమ్మేటు మాత్రం అదేం రంగు బాసూ అంటున్నాడు.